మెత్తటి హెడ్‌ఫోన్లు

4-3-55, శుక్రవారం

కేశవన్న బెజవాడ రేడియోలో పాడబోతున్నాడు! పొద్దున ప్రొద్దుటూరు నుంచి చీరల మూటలతో వచ్చిన మనిషి చెప్పిపోయాడు.

పాడేది నా పాటలు. అహోబిలం నరసింహస్వామి మీద నేను కట్టినవి. నాన్న మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే, పక్కన కండెలు చుడుతూ కట్టినవి. నేను కట్టడం, అన్న పాడటం... చిన్నప్పటి నుంచీ అంతే. నాకు గొంతు లేదు, అన్నకు మాటలు లేవు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతారు అనేవాడు నాన్న.

అన్నం మాడింది. అత్తమ్మ అడుగంటిన గిన్నె తెచ్చి నా ముందు పెట్టి పోయింది.

5-3-55

ఒకటే ఆలోచన — చివరి చరణం.

నా పాటలన్నిటికీ చివరి చరణంలో నా పేరుంటుంది. నాన్న పట్టుబట్టి పెట్టించాడు. "కొంగు లేకుండా చీర కోసిస్తామా మనం? పాట చివర ఎవురు కట్టినారో ఉండల్ల" అని. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. తరవాత అలవాటైంది. ఇప్పుడు ఆ పేరు లేకపోతే పాట ముగిసినట్టే ఉండదు నాకు.

కొలను గట్టున నిలిచినాను, కోపమింక చాలునయ్యా
నిలువ నీడ నీవె యనుచు ఓబులమ్మ పాడెనయ్యా

ఓబులమ్మ. మా వీధి మలుపు కూడా దాటని పేరు. ఇప్పుడు బెజవాడ దాకా పోయి అక్కణ్ణుంచి గాల్లో తిరిగి వస్తుందట. తలుచుకుంటే నవ్వొస్తోంది. కాస్త ఏడుపు కూడా.

9-3-55

ఈయన రేడియో సెట్టు తెచ్చారు. పాతది. కొండారెడ్డి బురుజు పక్క సందులో మదార్ సాయిబు రేడియో రిపేరు కొట్టుంది, అక్కడిది. ఒకే ఒక్క వాల్వు, బ్యాటరీ మీద నడుస్తుంది. గొప్పవాళ్ళ ఇళ్ళలో రేడియోలాగా గదంతా మోగదు. హెడ్‌ఫోన్లు ఎవరి చెవులకు తగిలిస్తే వాళ్ళకే వినపడుతుంది. దాంతో పాటు వచ్చిన హెడ్‌ఫోన్లలో ఒక చెవి చచ్చిపోయింది. రెండోది చావు బతుకుల్లో ఉంది.

"మంచివి తెద్దామా?" అన్నాను.

"ఒక చెవి సాల్లే. రెండు చెవులతో ఇని ఏం జేస్తావు?"

నవ్వారు. చీరల కొట్టు నడిపే మనిషి. బేరం ఆయన రక్తంలోనే ఉంది.

10-3-55

మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు తీగ కట్టారు. ఇంకో తీగ పెరట్లో నేలలో పాతారు. ఆ చోటు తడిగా ఉంటేనే శబ్దం బాగా వస్తుందట. రోజూ ఒక చెంబు నీళ్ళు పోయాలి.

అత్తమ్మ వాకిట్లో నిలబడి ఎవరికో చెబుతున్నట్టు — "తాగే నీళ్ళకు మనుషులం అల్లాడతాంటే, ఈడ నేలకు తాపుతాండారు సూడండి నీళ్ళు!"

చెంబు కొంగు చాటున పెట్టుకుని పోసి వచ్చాను.

14-3-55

ఈయన సరుకు కోసం ప్రొద్దుటూరు పోయి ఇవాళ వచ్చారు. కాళ్ళు కడుక్కోకముందే అడిగాను, అన్న ఎట్లున్నాడు అని.

"బాగుండాడు."

"పాట ఎప్పుడంట?"

"వచ్చే నెల."

"ఇంకేమన్నాడు?"

"ఏముండాది... శానా సంతోషంగా ఉండాడు."

దారి బడలిక కాబోలు. రెండు ముద్దలు తిని లేచిపోయారు.

15-3-55

ఆశ్చర్యం. పొద్దున్నే ఆయనే అన్నారు — "మే, హెడ్‌ఫోన్లు మంచివి తీసుకుందాంలే నీకు. సాయిబును మూడు నాలుగు రకాలు తెమ్మంటా. నువ్వే పెట్టుకొని సూడు."

ఒక చెవి చాలన్న నోరేనా ఇది! ప్రొద్దుటూరు నీళ్ళు మంచివి మరి. మా ఊరు కదా.

17-3-55

మదార్ సాయిబు మూడు రకాలు సంచీలో వేసుకుని తానే వచ్చాడు. వైర్లు ఎట్లా తగిలించాలో చూపించాడు. రెండు రోజులు పెట్టుకుని చూడమన్నాడు.

"సూడు చెల్లెమ్మా, అవాజు, మాట సాఫుగా కావల్లంటే ఈ నల్లది. ఆరాముగా ఉండల్లంటే ఆ మెత్తది. రెండూ ఒకదాన్లోనే కావల్లంటే ఇంగ్లీషోళ్ళ సీమ నుంచి తెప్పియ్యల్ల. దానికి మీ కొట్టు అమ్ముకోవల్ల."

ఈయన నవ్వలేదు.

సాయంత్రం నల్లది పెట్టుకున్నాను. మిలిటరీది. యుద్ధం అయిపోయాక మద్రాసులో గుట్టలు పోసి అమ్మారట. బరువు. తల మీద ఇనప పట్టీ, వెంట్రుకలు పట్టి లాగుతుంది. చెవుల మీద గట్టి దొప్పలు. అవి కమ్మల మీద పడి నొక్కితే ప్రాణం పోయింది.

కానీ ఆ శబ్దం! వేరుశనగకు పట్టే పురుగు గురించి ఎవరో చెబుతున్నారు. ఆ చెప్పేవాడు కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. గుటక మింగింది వినపడింది. పురుగు గురించి ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ వినలేదు.

కమ్మలు తీసి పెట్టుకుంటే నొప్పి ఉండదు. కానీ ముత్తైదువ కమ్మలు తీసి బోసి చెవులతో కూర్చోవడమా... అత్తమ్మ ఇంట్లో ఉండగా జరిగే పని కాదు.

18-3-55

రెండోది ఒంటిది. పిడి ఉంటుంది. చేత్తో పట్టుకుని చెవికి ఆనించుకోవాలి. చవక. శబ్దం ఒక మోస్తరు. పాట సగం అయ్యేసరికి చెయ్యి లాగేస్తుంది. ఇందులో ఒక మంచి ఉంది — రెండో చెవి ఖాళీగా ఉంటుంది కాబట్టి పప్పు పొంగితే తెలుస్తుంది. ఒక చెడు కూడా ఉంది — అదే చెవికి అత్తమ్మ కూడా వినపడుతుంది.

మూడోది మెత్తటిది. కొత్తది, గోధుమ రంగు. చెవుల చుట్టూ తోలు దిండ్లు. కమ్మల మీదే పెట్టుకోవచ్చు. ఉన్నట్టే తెలియదు. పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరేశాను. అంత హాయి. మాట మాత్రం... దుప్పటి ముసుగు తన్ని మాట్లాడినట్టుంది. మద్దెల బాగా మోగింది, రాగం తెలిసింది, మాటలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఇంతా చేసి మూడింట్లోకీ ఇదే ఖరీదు.

నాకు నల్లదే నచ్చింది. నొప్పి అంటారా, పాట ఎంతసేపు?

20-3-55

మెత్తటిదే కొన్నాం.

నేను నల్లది అన్నాను. ఈయన నా దగ్గరికి వచ్చి చెవి తమ్మె పట్టుకుని చూశారు. "కందిపోయిండాది సూడు. నీకెందుకే ఈ బాధ? మెత్తది తీసుకుందాం."

"మాట తెలియడం లేదు దాంట్లో."

"పాట కట్టింది నువ్వు. నీకు తెలీని మాట ఏముండాది దాన్లో?"

అదీ నిజమే.

పెళ్ళయినప్పటి నుంచి ఈయన నా చెవుల వంక ఒక్కసారి చూసినట్టు గుర్తు లేదు. జానెడు గుడ్డకు గంట బేరమాడే మనిషి, సాయిబు చెప్పిన ధరకు కిక్కురుమనకుండా ఇచ్చేశారు. సాయిబే బిత్తరపోయాడు. నాకోసం. వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. నా ముఖం ఎవరికీ చూపించాలనిపించలేదు, అంత సంతోషం.

15-4-55, శుక్రవారం

అన్న పాడాడు!

పొద్దు వాలకముందే పెరట్లో ఒకటికి రెండు చెంబులు పోసి వచ్చాను. తిడితే తిట్టనీ. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. ఈయన కొట్టు త్వరగా మూసి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ముందు ఎవరో ఏదో చెప్పారు, బుడుబుడుమంది. తరవాత అన్న గొంతు. అచ్చం మా ఇంట్లో గడప మీద కూర్చుని పాడినట్టే. కళ్ళు మూసుకున్నాను. ఒక్కో చరణం నా నోట్లో నేనూ అనుకుంటూ పోయాను. చివరి చరణం వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. "ఓబులమ్మ పాడెనయ్యా..."

వచ్చింది నా పేరు.

"బాగా ఇన్యావా?" అన్నారు ఈయన. తలూపాను. ఆయన ముఖంలో కూడా ఎంత నెమ్మది!

17-4-55

పక్కింటి గుంటూరావిడ పిలిచి కాఫీ ఇచ్చింది. రాజధాని వచ్చాక ఇక్కడికి వచ్చిన వాళ్ళు. వాళ్ళాయన పెద్ద ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకు పెద్ద రేడియో ఉంది.

"మీ అన్నయ్యగారు ఎంత బాగా రాశారండీ! గొంతు సరేలెండి, ఆ రాయడం..."

"రాసింది నేనండీ."

నా వంక జాలిగా చూసింది. "అయ్యో, ఆఖర్న ఆయన పేరే వచ్చిందిగా. కేశవుడు పాడెనయ్యా అని. మా రేడియోలో శుభ్రంగా వినపడిందండీ."

కాఫీ సగం వదిలేసి వచ్చాను. పెద్ద రేడియో ఉంటే చాలు, చెవులు ఉండనక్కర్లేదు కాబోలు ఈ గుంటూరు వాళ్ళకు.

18-4-55

ఈయనతో చెప్పాను. "ఆమెకేం తెల్సు? పాడేటోడి పేరే గదా యాడైనా చెప్పేది. అట్లా అనుకొనింటాది" అన్నారు. వెంటనే అన్నారు. ఆలోచించకుండా.

నాకూ అదే అనిపించింది.

24-4-55

విన్నానా? నిజంగా విన్నానా?

కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటే అన్న గొంతు ఉంది, రాగం ఉంది. మాట నాదే. నేను నా నోట్లో అనుకున్న మాట. అన్న అన్నది కాదు.

ఛీ. పాడుబుద్ధి. తోడబుట్టినవాణ్ణి అనుమానిస్తానా. పప్పు తిరగమోత పెట్టడం మర్చిపోయాను ఈ ధ్యాసలో.

3-5-55

అన్న ఈ నెల ఇంకో పాట పాడతాడట. పదమూడున.

కూరగాయలకని చెప్పి సాయిబు కొట్టుకు పోయాను. ఒక్కదాన్నే. బురుజు పక్కన ఎండ నిప్పులు చెరుగుతోంది. మెత్తటిది ఇచ్చేసి నల్లది కావాలన్నాను.

"నేనప్పుడే చెప్పినా గదమ్మా మీ ఆయనకు. దీన్లో మాట తెలీదప్పా అని. 'మాట తెలీకున్నా ఏం కాదు సాయిబూ, మెత్తగా ఉంటే సాలు' అన్నాడు. ఇల్లాలి చెవుల మీద ఇంత ప్రేమ ఉండేటోణ్ణి నేను యాడా సూడలేదు."

సిగ్గేసింది. ఆయన అంత ముచ్చటపడి కొన్నది మార్చేస్తున్నానే అని దారంతా బాధపడుతూ వచ్చాను.

4-5-55

ఈయన నల్లది చూశారు.

"యాల మార్చినావు?"

"మాట కోసం."

మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నారు. నీళ్ళయ్యేదాకా కలిపారు.

13-5-55, శుక్రవారం

కమ్మలు తీశాను. అత్తమ్మ పీట మీద నుంచి లేచింది. "మొగుడు కండ్ల ముందర ఉండంగానే బోసి చెవులా! ఏమమ్మా, ఏం పొయ్యేకాలం ఒచ్చింది నీకు?"

ఈయన కూడా — "అమ్మ బాధపడతాంది, వద్దులే. ఈ తూరికి ఒద్దు."

పెరట్లోకి పోయి రెండు వేపపుల్లలు విరిచి కమ్మల రంధ్రాల్లో గుచ్చుకున్నాను. బోసి చెవులు కావు కదా ఇప్పుడు. నాకే ఆశ్చర్యం, నాకింత మొండితనం ఎక్కడిదని.

నల్లది పెట్టుకున్నాను. ఇనప పట్టీ వెంట్రుకలు లాగింది. లాగనీ.

"రచన, గానం — కేశవులు."

అంత స్పష్టంగా. పక్కన కూర్చుని చెప్పినట్టు. పొరపాటు పడ్డారేమో చెప్పేవాళ్ళు అనుకున్నాను. పాట మొదలైంది. ఒక చరణం. ఇంకో చరణం. నా మాటలు, నేను పెట్టిన చోటే. మగ్గం మీద పోగుల్లా లెక్క తప్పకుండా ఉన్నాయి అన్నీ. చివరి చరణంలో నా పేరుండే చోట "కేశవుడు" అన్నాడు.

గొంతు వణకలేదు. తాళం తప్పలేదు. సరిగ్గా అతికింది.

14-5-55

ఏమీ రాయను.

15-5-55

అన్నా, నువ్వా? నాన్న బతికుంటే నీ నోరు పెగిలేదా?

ఈయన పొద్దున్నే మల్లెపూలు తెచ్చారు. "పోనీలేవే. అన్నే గదా. పరాయోడు కాదు గదా" అని తల నిమిరారు. ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. లోకంలో నాకంటూ మిగిలింది ఈ ఒక్క మనిషే అనిపించింది.

19-5-55

అన్న వచ్చాడు. బనగానపల్లె మామిడిపండ్లు బుట్టెడు మోసుకుని. ముఖమంతా వెలుగు. ఈయన కొట్లో ఉన్నారు, అత్తమ్మ వీధి చివర పెళ్ళి పసుపు దంచడానికి పోయింది.

"ఇన్యావా ఓబులమ్మా? ఎట్ల పాడినా?"

"నా పేరు ఏమైంది అన్నా?"

వెలుగంతా పోయింది. బుట్టలో పండ్లు సర్దడం మొదలుపెట్టాడు.

"నీకు... బావ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆ పొద్దు బావ ప్రొద్దుటూరుకు ఒచ్చి చెప్పిపాయ గదా. 'నా పెండ్లాం పేరు రేడియోలో రాగూడదు బావా, తీసేయి' అని. నీకు నచ్చజెప్తా అన్నాడు. నువ్వు ఒప్పుకొన్నావనుకొంటి నేను."

"తీసేయమంటే తీసేయాలి. నీ పేరు ఎందుకు పెట్టావు?"

"ఆ చోటు ఖాళీగా ఎట్ల ఇడుచల్లమ్మా? తాళం ఆగిపోదా? నా పేరు సరిపాయ. పెట్టినా. రేడియోవాళ్ళు ఎవురు కట్టిండేది అని అడిగిరి. పాటలో నా పేరుండంగా ఇంగేం చెప్పల్ల నేను?"

సరిపోయిందట. జాకెట్టు గుడ్డ సరిపోయినట్టు.

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి పోయాడు. బావను కలవకుండానే బస్సెక్కాడు. పండ్లు అత్తమ్మ తింటోంది. నాకు ఆ వాసన కూడా పడటం లేదు.

20-5-55

అడిగాను.

అబద్ధం చెప్పలేదు. అంతవరకూ సంతోషం.

"ఆఫీసర్ల ఇండ్లకు చీరలు తీసకపోతాండా నేను. 'ఏమప్పా, మీ ఆడమనిషి పేరు రేడియోలో ఇంటిమే' అని ఆ మొగోళ్ళు నవ్వితే తల యాడ పెట్టుకోవల్ల? మనోళ్ళు ఊరుకుంటారా? పేరు పోతే ఏమాయ, పాట ఉండాది గదా."

"నాతో ఒక్క మాట అనకూడదా?"

"అంటే నువ్వు బాధపడతావని."

బాధపడతానని. ఎంత జాలి నా మీద.

22-5-55

పొద్దున పెరట్లో గిన్నెలు తోముతున్నాను. చేతిలో బూడిద అట్లాగే ఉండిపోయింది.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మర్నాడే కదా — "హెడ్‌ఫోన్లు మంచివి తీసుకుందాంలే" అన్నది?

"మాట తెలీకున్నా ఏం కాదు సాయిబూ."

చెవి తమ్మె పట్టుకుని చూసింది అందుకా? బేరమాడకుండా అంత ఖరీదు పెట్టింది అందుకా? నా చెవి నొస్తుందని కాదు. నా పేరు లేదని నాకు వినపడకూడదని. మూడు రకాలూ నా ముందు పెట్టి, నువ్వే ఎంచుకో అని, నేను ఎంచుకున్నది కాదని, మాట వినపడని దాన్ని ఏరి కొన్నారు. ఎదురుగా కూర్చుని నేను ఏడుస్తుంటే చూశారు. "బాగా ఇన్యావా" అని అడిగారు. నేను తలూపితే నెమ్మది పడ్డారు.

నేను వంటింట్లోకి పోయి సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. అన్న నా పేరు తీశాడు, సరే, దొంగతనం దొంగతనంలాగే చేశాడు. ఈయన ముద్దు చేస్తూ నా చెవులు మూశారు. అన్నను తిట్టగలను. ఈయన్ను ఏమని తిట్టాలి? నా చెవులు కందిపోతాయని బాధపడ్డారని తిట్టాలా?

గిన్నెలు మళ్ళీ మొదట్నుంచి తోమాను.

23-5-55

అడగలేదు. ఏం చెబుతారో తెలుసు — నీ మంచికే అంటారు.

29-5-55

మాట్లాడుతున్నాను. అన్నం పెడుతున్నాను. నవ్వుతున్నాను కూడా, నిన్న ఎవరో వస్తే. ఈయన "సల్లబడినావులే" అన్నారు. చల్లబడ్డానట.

ఆయన ఏది కొనిచ్చినా ఇప్పుడు తిప్పి తిప్పి చూస్తున్నాను. మొన్న చీర తెచ్చారు, మంచి నేత. ఇందులో ఏం దాచారు అనిపించింది. ఇట్లా బతకడం కష్టం. కొన్నాళ్ళకు నా బుద్ధి పాడైపోతుంది.

2-6-55

అన్న కబురు పంపాడు. ఈ నెల పదిహేడున ఇంకో పాట. పాతవి వద్దు, కొత్తది కావాలన్నారట రేడియోవాళ్ళు. ఈసారి నీ పేరే పాడతాను, నరసింహస్వామి మీద ఒట్టు అన్నాడట. ఒట్లకేం కొదవ.

ఈయన తల వంచుకుని విన్నారు. "ఇచ్చెయ్యే. నేనింగ అడ్డం చెప్పను."

"ఆఫీసర్లు నవ్వరా?"

"నవ్వనీలే."

ఎందుకు మారారో నాకు అంతుపట్టలేదు.

5-6-55

ఇవ్వకూడదనుకున్నాను. మూడు రోజులు గట్టిగానే అనుకున్నాను. కానీ పాట దానంతటదే వస్తోంది. బియ్యం కడుగుతుంటే ఒక ముక్క, ముగ్గు వేస్తుంటే ఒక ముక్క. పాట మీద నాకేం కోపం? అది ఎవరినీ మోసం చేయలేదు.

నేను ఇవ్వకపోతే నోట్లోనే ఉంటుంది. ఇస్తే ఊరంతా వింటుంది, నాది కాదనుకుంటుంది. ఏది మేలో చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా నమ్మేలా లేను.

9-6-55

పూర్తయింది. చివరి చరణంలో నా పేరు పెట్టాను. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కొట్టేయలేదు.

11-6-55

ఈయనే పాట తీసుకుని ప్రొద్దుటూరు పోయారు. "నేనే దగ్గరుండి చెప్పొస్తా, ఒక్క అచ్చరం మార్చగూడదని."

పోయినసారి కూడా దగ్గరుండే చెప్పి వచ్చారు.

13-6-55

వచ్చారు. "చెప్పినా" అన్నారు. కళ్ళలోకి చూసే అన్నారు. నాకిప్పుడు కళ్ళు చదవడం రాదు. అంతకుముందు వచ్చనుకునేదాన్ని.

15-6-55

గుంటూరావిడ గోడ మీద నుంచి — "మా రేడియోలో వినండి, రండి. మీ సెట్టుతో చెవులు నొప్పి కదా." మంచి మనిషే. అప్పుడు ఊరికే తిట్టాను. పోను. నలుగురిలో వినే ధైర్యం లేదు.

17-6-55, శుక్రవారం

ఇంకా వాన పడలేదు. పెరట్లో నీళ్ళు పోస్తే చుయ్యిమని ఇంకిపోయాయి. అత్తమ్మ చూసి లోపలికి పోయింది. కమ్మలు తీశాను.

నల్లది పెట్టుకున్నాను. ఈయన ఎదురుగా కూర్చున్నారు, పోయినసారిలాగే. పాట మొదలైంది. ఎంత బాగా పాడాడు అన్న! తిట్టుకుందామనుకున్నా రాలేదు. రెండో చరణంలో ఊపిరి తీసుకున్నది కూడా వినపడింది. ఆ చోట ఊపిరి తీసుకోమని చిన్నప్పుడు నేర్పింది నేనే.

చివరి చరణం ఎత్తుకోబోతున్నాడు. మద్దెల తగ్గింది.

తీసేశాను.

ఎందుకు తీశానో తెలీదు. భయమేసింది, అంతే. రాకపోతే మళ్ళీ చావాలి. వస్తే... వస్తే వీళ్ళిద్దరూ కలిసి నాకు ఇచ్చినట్టు. నా పేరు నాకు. నల్ల దొప్పలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల దోమ రొదలాగా సన్నగా ఏదో పాడుతూనే ఉంది. కాసేపటికి ఆగిపోయింది.

ఈయన వంగి అడిగారు. "ఒచ్చిందా? చెప్పినాడా నీ పేరు?"

నిజంగా తెలీక అడుగుతున్నారో, తెలిసే అడుగుతున్నారో.

"ఏ పేరు?" అన్నాను.

"అదేనే... నీ పేరు."

అప్పుడు తట్టింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈయన నోట నా పేరు వినలేదు. మే, ఇదిగో, ఏమే. ఇళ్ళల్లో అందరూ అంతేననుకుని ఎన్నడూ పట్టించుకోలేదు. రేడియోలో రావాలని అంత ఏడ్చిన పేరు, రెండు మూరల దూరంలో కూర్చున్న మనిషి నోట ఒక్కసారి రాలేదు.

"మీరు చెప్పండి. ఏ పేరో చెబితే, వచ్చిందో లేదో చెబుతాను."

నోరు తెరిచారు. వాకిలి వైపు చూశారు, ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ నా వంక చూశారు. పెదాలు కదిలాయి.

నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను. లోపల్నుంచి అత్తమ్మ అన్నం చల్లారిపోతోందని కేకేసింది. ఆయన లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయారు.